ముందు చక్రం మీద పూత

ఆరుద్ర కార్తె. పొద్దున్నుంచీ చినుకులు.

గట్టులంక గేటు, చక్రాల షెడ్డు. మాట్లాడేది నూకరత్నం. ఏ చక్రాన్ని ముట్టుకున్నా అందులోంచి ఏం తీశానో, అందులో ఏం పెట్టానో ఆ రోజుకారోజు మాటలు రాసుకునే ఈ పెట్టెకి చెప్పాలని రూలు. చెప్పకపోతే సాయంత్రం దాకా కుయ్యి కుయ్యిమంటూనే ఉంటుంది. ఇంట్లో అత్తగారు లేని లోటు ఇది తీరుస్తోంది.

ఇవాళ మా వదిన బండి ముందు చక్రం వచ్చింది. వదినంటే పల్లాలమ్మ, మా అన్న వెంకన్నబాబు భార్య. ఈ లంకలన్నిటికీ పురుళ్ళు పోసేది ఆవిడే. పొద్దున్నే ఉయ్యాల మీద కొసలంక దాకా వెళ్ళొచ్చింది. సముద్రం పొలాల్లోకొచ్చి కూర్చున్నాక లంకకీ లంకకీ మధ్య మాకు మిగిలిన దారి ఈ ఉయ్యాలొక్కటే. పేరుకి రోడ్డు, చూస్తే తాళ్ళకి వేలాడుతూ గాలికి ఊగే నార చాప. బక్క బళ్ళు తప్ప ఇంకేం ఎక్కడానికి లేదు.

ఉయ్యాల ఎక్కేముందు గేటు బండి మొత్తాన్ని ఒకసారి తూస్తుంది, చక్రాల్ని విడిగా ఇంకోసారి తూస్తుంది. ఎందుకండీ ఈ రెండు తూకాలు అని కొత్తగా వచ్చిన ప్రతివాడూ అడుగుతాడు. మా అన్న వాళ్ళకి భలే చెప్పేవాడు. స్ప్రింగు పైనున్న బరువు ఊగుతుందిరా, స్ప్రింగు కిందున్న బరువు కొడుతుంది అనేవాడు. బస్తా మోసేవాడు మెల్లగా నడిస్తే బల్లకట్టు ఊరుకుంటుంది, వట్టి చేతులవాడే అయినా గెంతుకుంటూ వెళ్తే ఊరుకోదు కదా. చక్రం గెంతుతుంది. అందుకే మా షెడ్డులో మెగ్నీషియం చక్రాలు. ఎత్తి చూస్తే ఇత్తడి చెంబంత కూడా ఉండదు.

తేలికే గానీ దానికి ఉప్పుగాలి పడదు. పూత ఎక్కడ కాస్త లేచినా తెల్లగా పొక్కుతుంది. ఇవాళ అంచున కొంచెం పొక్కింది. గోకి, ప్రైమరు రాసి, పొడిరంగు చల్లి, కాల్చే పెట్టెలో పెట్టి తీశాను. మిగతా పూత జోలికి వెళ్ళలేదు.

ఆ పూతలో మా అన్న ఉన్నాడు. తెలియనివాళ్ళు వింటే బెదిరిపోతారేమో, చెప్తాను. ఉయ్యాల మీద బతికినవాళ్ళ బూడిద మేం నీళ్ళల్లో కలపం. పొలాలన్నీ మింగింది చాలక మనుషుల్ని కూడా ఇస్తామా అని పెద్దవాళ్ళకి మంట. అందుకని ఆ బూడిద జల్లెడ పట్టి, పొడిరంగులో కలిపి, వాళ్ళ బండి ముందు చక్రానికే పూతేసి కాలుస్తాం. మూడేళ్ళ కిందట గాలివానలో మందులు తెచ్చి, బండి స్టాండేసి, అవి అప్పజెప్పి, అమ్మయ్య అని అరుగు మీద కూర్చున్నాడు మా అన్న. ఇంక లేవలేదు. ఆ పూత నా చేతులతో నేనే వేశాను. నీలంలో బూడిద కలిస్తే వచ్చే రంగు, వానకి ముందు ఆకాశం రంగు.

వదిన బండి ఎక్కేముందు ఆ చక్రాన్ని పమిట చెంగుతో తుడుస్తుంది. నాకు కనపడకూడదని అటు తిరిగి తుడుస్తుంది. నేను చూడనట్టు ఇటు తిరుగుతాను.

పునర్వసు కార్తె. ముసురు.

ఎగువ నుంచి ఎర్రనీళ్ళు దిగాయి. తాళ్ళు తడిసి బిగిశాయని గేటు చక్రాలకి ఒప్పుకునే తూకం తగ్గించింది. గేటు మేస్త్రీ అబ్బులు బాబాయి వచ్చి, ముందు చక్రంలో ఓ అరవై గ్రాములు తియ్యాలమ్మా అని చెప్పి, కాసేపు అక్కడే నిలబడ్డాడు. పూత తీసెయ్యమని చెప్పడానికి నోరు రాక నిలబడ్డాడని నాకు తెలుసు.

తియ్యక తప్పదు. మా మేనకోడలు కస్తూరి, వదిన కూతురు, కొసలంకలో అత్తింట్లో నిండు చూలాలు. తొలికాన్పు పుట్టింట్లో జరగాలని అనుకున్నాం గానీ వానల్లో కడుపుతో ఉన్నవాళ్ళని గేటు ఎక్కనివ్వదు. పిల్ల పుట్టింటికి రాలేదు కాబట్టి పుట్టిల్లే పిల్ల దగ్గరికి వెళ్ళాలి. పుట్టిల్లంటే వదినే. పడవ సంగతి అడక్కండి, ఈ ఎర్రనీటిలో తెడ్డు వేసే మగాడు ఇంకా పుట్టలేదు. డ్రోన్లు గాలికి జడిసి పంపినవి పంపినట్టే తిరిగొస్తున్నాయి.

వదిన చక్రం తెచ్చి బల్ల మీద పెట్టింది. పూత మీద చెయ్యి వేసి, అలా ఉంచేసింది. ఎహె, పూతెందుకు ముడతాను వదినా, లోపల దండిగా ఉంది లోహం, అన్నాను.

ఆవిడ వెళ్ళాక హబ్బు లోపలంతా ఆకురాయి పట్టాను. ఇరుసు మూత కూడా పల్చన చేశాను. రజను ఇసక బకెట్లో వేశాను, ఆ రజనుకి నిప్పు తగిలితే షెడ్డు దీపావళే. అరవైకి ఐదు ఎక్కువే తీశాను.

తీసిన బరువు దేనిదని పెట్టె అడిగింది. హబ్బు లోపల మెరుగు పెట్టానని చెప్పాను. అబద్ధమేం కాదు.

పుష్యమి కార్తె. గాలి, వాన, మళ్ళీ గాలి.

మళ్ళీ తగ్గించింది. ఈసారి ఎనభై. ఈ గేటుకి మా మీద ఏం పగో.

వదిన జుట్టు కత్తిరించుకుని వచ్చింది. నడుం దాటే జడ అది. రెండు పూటలా గంజే తాగుతోందని అబ్బులు బాబాయి చెప్పాడు. నువ్వు చిక్కితే చక్రం చిక్కదు వదినా, ఇది వేరే తూకం అని గదమాయించి అన్నం పెట్టాను. తింటూ నవ్వింది. పెళ్ళైన కొత్తలో మీ అన్న కూడా ఇంతే అంది. మీసం బరువని తీసేసి వచ్చాడట. అద్దంలో చూసుకుని రెండు రోజులు బయటికి రాలేదట. ఆ సంగతి నాకు ఇప్పటిదాకా తెలీదు. ఇద్దరం పొలమారేదాకా నవ్వాం.

కస్తూరి ఫోన్ చేసింది. అత్తా, అమ్మని తొందరగా పంపు, కాళ్ళు వాచాయి అంది. పంపుతానే తల్లీ, చక్రం చేస్తున్నాను అన్నాను. నాన్న చక్రమేనా అంది. అదే అన్నాను. అయితే భయం లేదు అంది ఆ పిచ్చిది.

ఈ మాటన్నాక ఇంక ఆ పూత మీద నా చెయ్యి ఎలా వెళ్తుంది? ఆకుల వెనక వైపు ఆకురాయి పట్టాను. ఆకులంటే ఈ చక్రానికి నడుం నుంచి అంచుదాకా ఉండే ఐదు కాళ్ళు. వెనకవైపు ఎవరికీ కనపడదు. ఒక్కో ఆకు మొదట్లో గరిటెతో తోడినట్టు తోడాను. మా అన్నే నేర్పిన పని ఇది, చేత్తో తడిమి ఎక్కడ కండ ఉందో ఎక్కడ లేదో చెప్పేవాడు. కండ ఉన్నచోటే తీశాననుకున్నాను. తూకం సరిపోయింది. పూత ఇంత కూడా చెక్కుచెదరలేదు. ఎంత బాగుందో, అద్దంలా ఉంది.

పెట్టెకి మళ్ళీ మెరుగనే చెప్పాను.

వదిన వెళ్ళి చూసి వచ్చింది. బిడ్డ ఇంకా దిగలేదట, వారం పైన పడుతుందట, ఈలోగా ఇక్కడ పురుళ్ళున్నాయని వచ్చేసింది. దారిలో బండి ముందు నుంచి కొంచెం పాట పాడుతోంది రత్నం అంది. గాలిలే అన్నాను.

ఆశ్లేష కార్తె. వరద గట్టు అంచుదాకా వచ్చింది.

పొద్దున్నే కొసలంక నుంచి ఫోన్. కస్తూరికి నొప్పులు మొదలయ్యాయి. అక్కడున్న నర్సమ్మ చిన్నది. బిడ్డ ఎదురుకాళ్ళతో వస్తోంది, నా చేతిలో పని కాదు, పెద్దమ్మని పంపండి అని ఏడుస్తోంది. వదిన సంచి సర్దుకుని బండి దగ్గరకొచ్చేసింది.

గట్టు అంచుకి నీళ్ళొస్తే గేటు మేస్త్రీ చక్రాలన్నీ విప్పించి చూడాలి. అబ్బులు బాబాయి చూశాడు. ఆయన దగ్గర మెషీన్లేం ఉండవు. చక్రం వెనకవైపు కిరసనాయిలు రాసి, పొడిగుడ్డతో తుడిచి, ముగ్గుపిండి చల్లి కాసేపు ఆగుతాడు. లోపల పగులుంటే నూనె ఊరి పిండి మీద గీతలా తడుస్తుంది. నేను పక్కన నిలబడి చూస్తున్నాను. తెల్లటి పిండి మీద ఒక గీత వచ్చింది. ఇంకో ఆకు మొదట్లో ఇంకోటి. మూడోది మధ్యలోకి పాకింది.

నేను తోడిన చోటే.

వదిన చెప్పిన ఆ పాట గాలిది కాదు. కంచే చేను మేసిందంటారే, ఆ కంచె నేనే. మా అన్న బూడిద కాపాడదామని, మా అన్న పెళ్ళాం ఎక్కే చక్రాన్ని నాలుగు వారాల నుంచి నేనే తినేస్తున్నాను. మొన్న ఆవిడ వెళ్ళిరావడం మా అదృష్టం. అంతే, ఇంకేం కాదు.

దాచలేదు. అక్కడికక్కడే చెప్పేశాను. హబ్బు సంగతి, ఆకుల సంగతి, పెట్టెకి మెరుగని చెప్పిన సంగతి. అబ్బులు బాబాయి తలపాగా తీసి మొహం తుడుచుకున్నాడు.

వేరే చక్రం లేదు. తేలిక చక్రాలున్న మూడు బళ్ళూ అవతలి లంకల్లో చిక్కుకున్నాయి. ఉన్నవి అల్యూమినియంవి, గేటు దగ్గరకి కూడా రానివ్వదు. పగుళ్ళ మీద నల్లనార పట్టీ చుట్టి జిగురుతో బిగించి కాలిస్తే ఒక రాకపోక వస్తుందని నాకు తెలుసు. బాబాయికీ తెలుసు. కానీ పట్టీకి బరువుంటుంది. అంత బరువు ఇంకెక్కడినుంచి తియ్యను? లోహం ఇంక గోరంత తీయడానికి లేదు.

వదిన అరుగు మీద కూర్చుంది. పట్టీ బరువెంత అని అడిగింది. చెప్పాను. పూత బరువెంత అని అడిగింది. అదీ చెప్పాను. రెండూ ఇంచుమించు ఒకటే.

"అయితే దించు," అంది.

"వదినా, అన్ననా?"

"నేనే కదా చెప్తున్నాను. మూడేళ్ళ నుంచి ఆయన నన్ను మోస్తున్నాడో, నేనాయన్ని మోస్తున్నానో నాకే తెలీదు. తెలుసుకోవాలని కూడా అనుకోలేదు. నువ్వేమో ఆయన కోసం నా కింద చక్రం చెక్కేశావు. ఇంతకంటే ఆయనకి కోపం తెప్పించే పని ఇంకోటి ఉందా చెప్పు?"

గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేది. నేను ఆవిడ ఒళ్ళో తల పెట్టేసి ఏడ్చాను, పెద్దదాన్నని కూడా చూసుకోలేదు. మొండిగా కత్తిరించిన జుట్టు నా మొహానికి గుచ్చుకుంటోంది. వీపు మీద చెయ్యి వేసి, చాల్లే, పిల్ల అక్కడ కేకలు పెడుతుంటే నువ్విక్కడేంటి, లేచి పని చూడు అంది.

లేచాను.

పూత తీయడానికి మేం మందులు వాడం, మందు లోహాన్ని కూడా తింటుంది. ఎండిన కొబ్బరిచిప్పలు ఇసకంత నలిపి, గాలిగొట్టంతో కొడతాం. రంగు లేస్తుంది, లోహానికి నొప్పి తగలదు. గుడ్డ గుడారంలో చక్రాన్ని వేలాడదీసి గొట్టం అందుకున్నాను. కొట్టేముందు వదినని పిలిచాను. చూస్తావా అని అడిగాను. లోపలికి వచ్చి, ఈసారి అటు తిరక్కుండా నా ఎదురుగానే, పమిట చెంగుతో చక్రం చుట్టూ తుడిచింది. అంచు నుంచి నడుం దాకా, ఒక్కో ఆకూ.

"ఏవండీ, కస్తూరికి నొప్పులొస్తున్నాయి. నేను వెళ్ళాలి. మీరు ఆగండి," అంది.

అని బయటికెళ్ళి నిలబడింది.

నేను కొట్టాను. మొదట పైన లక్క పోయింది, తర్వాత నీలం పోయింది. గుడారమంతా నీలం పొగ. నా కనురెప్పల మీద, పెదాల మీద, చేతుల మీద మా అన్న. చిన్నప్పుడు చేపల వేటకి బురదలో దిగి ఇద్దరం ఇలాగే తిరిగొచ్చేవాళ్ళం, అమ్మ ఎవరు ఎవరో పోల్చుకోలేక ఇద్దర్నీ కొట్టేది. అన్నయ్యా, తప్పయిపోయింది అన్నాను. మళ్ళీ మళ్ళీ అదే అన్నాను. గొట్టం మోతలో ఎవరికీ వినపడలేదు.

అడుగున లోహం తెల్లగా బయటపడింది, చంటిపిల్ల ఒళ్ళులా. ముందువైపు ఏ గీతా లేదు, ఏ రంగూ లేదు. పగుళ్ళకి పట్టీ చుట్టాను, జిగురు పట్టించాను, కాల్చే పెట్టెలో పెట్టి తలుపు ముందే కూర్చున్నాను. ఈలోగా వదిన కస్తూరితో ఫోన్లో మాట్లాడుతూనే ఉంది. ఊపిరి ఎలా పీల్చాలో, నర్సమ్మ ఎక్కడ చెయ్యి పెట్టకూడదో చెప్తోంది. నేనొచ్చేదాకా ముక్కకమ్మా, ఆగు, ఆగు అంటోంది. ఆ ఆగు అనే మాట విన్నప్పుడల్లా కాల్చే పెట్టె తలుపు వైపు చూశాను.

పట్టీ గట్టిపడ్డాక బాబాయి మళ్ళీ పిండి చల్లాడు. ఎక్కడా తడవలేదు. రెండోసారి చల్లాడు. ఊఁ అన్నాడు.

వట్టి మెగ్నీషియం వరదగాలిలో ఎంతో సేపు ఓర్చుకోదు. కొత్త పూతకి తూకంలో చోటు లేదు కాబట్టి అరచేతిలో కొబ్బరినూనె పోసుకుని, పట్టీ తగలకుండా చక్రమంతా మర్దనా చేశాను. గుడ్డతో తుడిస్తే తూకంలో నూనె కనపడనే కనపడదు. చేతికి మాత్రం తెలుస్తుంది.

చక్రం గేటు మీద పెట్టాం. ముల్లు గీత కింద ఆగింది. చాలా కింద కాదు, కిందే.

పెట్టె అడిగింది, తీసిన బరువు దేనిది అని.

మా అన్నది, అన్నాను.

ఇంకోసారి అడగలేదు. బాబాయి అటు తిరిగి గేటు తీశాడు. వదిన బండి ఎక్కి, నా గడ్డం పట్టుకుని, మొహం కడుక్కో అంది. ఉయ్యాల ఎక్కాక వెనక్కి చూడలేదు, చూడకూడదు కూడా. వానలో కాసేపు ఎర్రదీపం కనపడింది. తర్వాత తాళ్ళు మాత్రమే కదులుతున్నాయి.

మొహం కడుక్కోలేదు. ఇవాళ షెడ్డు కూడా ఊడవలేదు.

ఆశ్లేష కార్తె. వాన తెరిపిచ్చింది.

ఇది నిన్నటి దానికి తరవాయి. చక్రానికి నేనేం చెయ్యలేదు కాబట్టి చెప్పక్కర్లేదు. అయినా చెప్తాను, ఇవాళ నాకు చెప్పాలనుంది.

వదిన వెళ్ళాక బాబాయి, నేను గేటు దగ్గరే ఉండిపోయాం. ఉయ్యాల తాడు మీద అరచెయ్యి వేస్తే బండి ఎంత దూరంలో ఉన్నా చిన్న వణుకు తెలుస్తుంది. మొన్నటిదాకా ఆ వణుకు గతుకు గతుకుగా ఉండేది. ఈసారి సన్నగా, ఒకేలా ఉంది. చాలాసేపు చెయ్యి తియ్యలేదు నేను. వణుకు ఆగిపోయినప్పుడు ప్రాణం పోయిందనుకున్నాను. చేరిందే పిచ్చిదానా, దిగింది, బండి ఆపింది అని బాబాయి తిట్టాడు.

ఆ తర్వాత ఏ కబురూ లేదు. ఫోన్ చేస్తే ఎవరూ తియ్యరు. బాబాయి టీ పెట్టి తెచ్చాడు, నేను తాగలేదు, ఆయన తాగలేదు. ఆ పూత పునర్వసులోనే తీసి ఉంటే చక్రం పగిలేది కాదు, ఆవిడ పొద్దున్న ఫోన్ రాగానే బయల్దేరేది కదా అని నాలో నేనే కుమిలిపోతున్నాను. బాబాయికి అర్థమైంది. నీ స్థానంలో ఎవరున్నా అంతే చేస్తారమ్మా, ఈ గట్టు మీద మేమందరం అంతే అన్నాడు. అందులో ఓదార్పు లేదు, నిజం ఉంది.

ఫోన్ మోగింది. వదిన మాట కంటే ముందు ఏడుపు వినపడింది. కస్తూరి ఏడుపు కాదు. అది చాలా చిన్నది, చాలా కోపంగా ఉంది.

"వచ్చేసింది రత్నం. కాళ్ళే ముందొచ్చాయి, చేతులు చిక్కుకున్నాయి, మెల్లగా తిప్పాను. కస్తూరి బాగుంది, నిద్రపోతోంది," అంది వదిన. ఆవిడ గొంతు నీరసంగా, పెళ్ళినాడు ఎలా ఉందో అలా ఉంది.

వెనకనుంచి బాబాయి ఆడపిల్లా, మగపిల్లాడా అని నా భుజం కుదుపుతున్నాడు. నేను అదేం అడగలేదు. బరువెంత వదినా అన్నాను.

"మూడున్నర కిలోలు. చూస్తే నమ్మలేవు, గుమ్మడికాయలా ఉంది. చక్రం కంటే బరువే ఇది. అప్పటినుంచీ ఎత్తుకునే ఉన్నాను, చేతులు లాగేస్తున్నాయే."

నా ఉద్యోగమంతా ఒక అంకె వినడం, అందులోంచి ఏం తగ్గించాలా అని చూడడం. మూడున్నర అని విన్నాను. నోటితో ఒకసారి అనుకున్నాను. ఇంకోసారి బయటికే అన్నాను, బాబాయి వినేలా. ఇంత మంచి బరువు నా జన్మలో వినలేదు.

కాసేపు అలాగే ఎత్తుకుని ఉండు వదినా, అన్నాను.